కంటి నుంచి మెదడు దాకా: చిన్నపిల్లల కంటి కాన్సర్‌కు చికిత్స

అమీర్‌పేటలో ఒక ఆదివారం కాంటాక్టు తరగతిలో మానవ జన్యుశాస్త్రం చెబుతున్నాను. వెనక వరసలో కూర్చున్న ఒక అంగన్‌వాడీ టీచరు లేచి నిలబడ్డారు. "సార్, మా ఊళ్ళో ఒక పాపకు కంట్లో కాన్సర్ అన్నారు. కన్ను తీసేయాలని హైదరాబాదులో డాక్టర్లు చెప్పారట. కత్తి పెడితే జబ్బు మెదడుకు పాకుతుందని వాళ్ళ నాయనమ్మ ఒప్పుకోవడం లేదు. నిజంగా పాకుతుందా సార్?" అని అడిగారు.

"పాకదమ్మా, తీయకుండా ఉంచితేనే పాకుతుంది" అన్నాను. జవాబు సరైనదే. కాని ఆ నాయనమ్మను ఒప్పించడానికి అది చాలదు. ఎలా పాకుతుంది, ఏ దారిలో పాకుతుంది, పాకాక ఏం చేస్తారు అన్నది తెలిస్తేనే ఆ మాటకు బలం వస్తుంది. ఆ రోజు తరగతిలో చెప్పలేకపోయిన మిగతా జవాబే ఈ పాఠం. ఇది చదివాక మీరు వైద్యులు కాలేరు. అయితే ఒక ఇంటి గుమ్మం దగ్గర నిలబడి నాలుగు మాటలు సరిగ్గా చెప్పగలిగితే, ఒక బిడ్డ ప్రాణం దక్కవచ్చు.

జబ్బు పరిచయం

ఈ కాన్సర్ పేరు రెటినోబ్లాస్టోమా. కంటి లోపలి గోడకు అంటుకొని ఉండే, వెలుతురును గ్రహించే పొరను నేత్రపటలం లేదా రెటీనా అంటామని మీరు ముందు పాఠాల్లో చదివారు. ఆ పొర ఇంకా తయారవుతున్న దశలో ఉన్న కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే కంతి ఇది. అందుకే పసిపిల్లలకే వస్తుంది, చాలామందిలో అయిదేళ్ళ లోపే బయటపడుతుంది. సుమారు 16 నుంచి 18 వేల జననాల్లో ఒకరికి వస్తుందని అంచనా. ప్రపంచం మొత్తం మీద ఏటా 8 వేల మంది పిల్లలకు, మన దేశంలో సుమారు 1,500 మందికి వస్తుంది. అరుదైన జబ్బే. కాని పుట్టే పిల్లల సంఖ్య ఎక్కువ కాబట్టి, ఈ అరుదైన జబ్బును అతి ఎక్కువగా చూసే దేశాల్లో మనది ఒకటి.

మొదటి గుర్తు కనుపాపలో తెల్లటి మెరుపు. ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే మామూలుగా కనుపాప ఎర్రగానో నల్లగానో పడుతుంది. ఈ పిల్లల్లో ఒక కన్ను తెల్లగా మెరుస్తుంది. "రాత్రిపూట పిల్లికన్నులా మెరుస్తోంది" అని తల్లులు చెబుతారు. కొందరు "కంట్లో పువ్వు వేసింది" అనుకొని పసరు వైద్యం చేయిస్తారు. రెండో గుర్తు మెల్లకన్ను. మన ఇళ్ళలో మెల్లకన్ను అదృష్టమని ఒక మాట ఉంది. నాకు ఆ మాట వింటే భయం వేస్తుంది. మెల్లకన్ను ఉన్న పిల్లల్లో చాలామందికి కాన్సర్ ఉండదు, నిజమే. కాని ఉందో లేదో కనుపాపను మందు చుక్కలతో పెద్దది చేసి లోపల చూసిన కంటి డాక్టరుకే తెలుస్తుంది.

మెదడుకు దారి ఎక్కడుంది?

కంటిగుడ్డు వెనక నుంచి బయలుదేరే దృక్ నాడి నిజానికి మామూలు నాడి కాదు. పిండదశలో మెదడు నుంచి బయటకు పొడుచుకువచ్చిన భాగమే కన్నుగా మారుతుంది. దృక్ నాడి ఆ పాత కాడ. అందుకే మెదడును చుట్టి ఉన్న పొరలే ఈ నాడిని కూడా తొడుగులా చుట్టి ఉంటాయి. మెదడు చుట్టూ తిరిగే మస్తిష్కమేరు ద్రవం ఆ తొడుగుల మధ్యకు కూడా వస్తుంది. కంటిగుడ్డు వెనక గోడ నుంచి రెండు వైపుల నాడులూ కలిసే కూడలి దాకా దీని పొడవు సుమారు 45 నుంచి 50 మిల్లీమీటర్లు. అంటే రెండు అంగుళాలు కూడా లేదు.

కంతి మొదట రెటీనాలోనే ఉంటుంది. తర్వాత నాడి మొదలయ్యే చోట జల్లెడలాంటి ఒక పలక ఉంటుంది, దాన్ని దాటుతుంది. నాడి లోపల పాకుతూ వెళ్ళి తొడుగుల మధ్య ఉన్న ద్రవాన్ని చేరిందంటే, ఇక కణాలు నడవక్కరలేదు, ఈదుతాయి. ఆ ద్రవం మెదడు చుట్టూ, వెన్నుపాము పొడవునా తిరుగుతుంది కదా. కాన్సర్ కణాలు ఎక్కడ పడితే అక్కడ పొరలకు అంటుకొని పెరుగుతాయి. ఇది ఒక దారి.

ఇంకో దారి రక్తనాళాలది. రెటీనా వెనక రక్తనాళాలతో నిండిన పొర ఒకటి ఉంది. కంతి అందులోకి లోతుగా చొచ్చుకుపోతే రక్తం ద్వారా ఎముక మజ్జకు, ఎముకలకు, కాలేయానికి చేరవచ్చు. ఈ పాఠంలో మన దృష్టి మొదటి దారి మీదే.

ఇప్పుడు నాయనమ్మ మాటకు వద్దాం. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఎవరి బిడ్డకో కన్ను తీయించారు, ఆర్నెల్లకు ఆ బిడ్డ తలనొప్పి, వాంతులు, మూర్ఛలతో పోయింది. ఇలాంటిది ఒకటి ఆవిడ చూసి ఉంటుంది, లేదా విని ఉంటుంది. కన్ను తీసిన తర్వాత మెదడు జబ్బు కనిపించింది కాబట్టి, తీయడం వల్లే వచ్చిందనుకుంది. అసలు సంగతి ఏమిటంటే, తీసేనాటికే కణాలు ఆ రెండు అంగుళాలు దాటిపోయాయి. వైద్యం ఆలస్యమైంది, కత్తి తప్పు చేయలేదు. ఈ తేడా చెప్పడానికి వాదన అక్కరలేదు. ఒక కాగితం మీద కన్ను, నాడి, మెదడు బొమ్మ గీసి చూపిస్తే చాలు. మీరూ ఇక్కడ ఆగి, పుస్తకం మూసి, ఆ బొమ్మ ఒకసారి గీయండి.

తొండ తల మీద కన్ను, మన తల లోపలి గ్రంథి

మెదడులో కంతి కనబడగానే అది కంటి నుంచే వచ్చిందని అనుకోకూడదు. ఇక్కడ ప్రాణిశాస్త్రం మనకు ఉపయోగపడుతుంది.

మెదడు మధ్యలో పీనియల్ గ్రంథి ఉంటుంది. మనలో దాని పని మెలటోనిన్ స్రవించడం. కాని వెన్నెముక ఉన్న జీవుల చరిత్రలో అది వెలుతురును గ్రహించే అవయవం. మీ పెరట్లో తిరిగే తొండను దగ్గరగా చూస్తే తల మీద నడినెత్తిన ఒక చిన్న చుక్క కనిపిస్తుంది. అది ఈ పీనియల్ వ్యవస్థకు చెందిన మూడో కన్ను. దానికి బొమ్మలు కనపడవు, వెలుగు చీకట్లు తెలుస్తాయి. మనలో ఆ కన్ను లేదు, గ్రంథి మిగిలింది. దాని కణాలకు రెటీనా కణాలతో ఉన్న పాత చుట్టరికం మాత్రం పోలేదు.

కొందరు పిల్లల్లో రెండు కళ్ళలో కంతులు వస్తాయి, దాంతో పాటు పీనియల్ గ్రంథిలో కూడా అదే రకం కంతి పుడుతుంది. దీన్ని త్రిపార్శ్వ రెటినోబ్లాస్టోమా అంటారు. కొద్దిమందిలో ఈ మూడో కంతి పీనియల్‌లో కాక, పిట్యూటరీ గ్రంథికి కొంచెం పైభాగంలో వస్తుంది. ఇది కంటి నుంచి పాకినది కాదు, అక్కడే విడిగా పుట్టినది. అనువంశిక రకం జబ్బు ఉన్న పిల్లల్లో నూటికి ముగ్గురు నలుగురిలో కనిపిస్తుంది, సాధారణంగా అయిదేళ్ళ లోపే.

ఎందుకు ఇలా? జబ్బుకు కారణం 13వ క్రోమోసోమ్ మీద ఉన్న ఆర్‌బి1 జన్యువు. కణ విభజనకు బ్రేకు వేయడం దాని పని. ప్రతి కణంలో దీని ప్రతులు రెండు ఉంటాయి. రెండూ చెడితేనే కంతి వస్తుందని ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ 1971లో 48 మంది పిల్లల వివరాలను లెక్కగట్టి ప్రతిపాదించాడు. జన్యువును ఎవరూ చూడకముందే, కేవలం లెక్కతో. జన్యువు చేతికి చిక్కింది 1986లో. నాకు తెలిసి జీవశాస్త్రంలో ఇంత అందమైన ఊహ మరొకటి లేదు. అయితే అది పసిపిల్లల బాధలో నుంచి వచ్చిందన్న సంగతి నేను పాఠం చెప్పేటప్పుడల్లా గుర్తు చేసుకుంటాను.

సుమారు 40 శాతం పిల్లల్లో ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటుంది, అంటే ఒంట్లోని ప్రతి కణంలోనూ. వీళ్ళకు రెండు కళ్ళలోనూ రావచ్చు, పీనియల్‌లోనూ రావచ్చు. మిగతా 60 శాతంలో రెండు దెబ్బలూ ఒకే కంటిలోని ఒకే కణానికి తగిలినవి. వాళ్ళకు ఒక్క కంటిలోనే వస్తుంది. తల్లిదండ్రులు "మా వంశంలో ఎవరికీ లేదు" అంటారు. అనువంశిక రకంలో కూడా చాలామందిలో ఆ ఉత్పరివర్తనం కొత్తగా ఆ బిడ్డలోనే మొదలై ఉంటుంది. కాబట్టి వంశంలో లేదన్నది ధైర్యం చెప్పుకోవడానికి పనికిరాదు. తల్లి గర్భిణిగా ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో, ఏదో తిన్నదనో ఆమెను నిందించడానికి అసలే ఆధారం లేదు.

ముక్క తీసి పరీక్ష ఎందుకు చేయరు?

"వేరే కాన్సర్లకు ముక్క తీసి పరీక్షకు పంపుతారు కదా, దీనికి అలా చేయకుండానే కన్ను తీసేస్తామంటారేమిటి?" ఇది న్యాయమైన అనుమానం. రెటినోబ్లాస్టోమా ఉన్న కంటికి సూది గుచ్చితే ఆ రంధ్రం గుండా కణాలు కంటి బయటకు వస్తాయి. కంటిశుక్లం అనుకొనో, మరొకటనుకొనో ఆపరేషన్ చేస్తే జరిగేది కూడా అదే. ఒక విధంగా నాయనమ్మ భయపడ్డ సంగతి ఇక్కడ నిజమవుతుంది. అందుకే ముందు మత్తు ఇచ్చి లోపలంతా చూస్తారు, అల్ట్రాసౌండ్‌లో కంతిలో సున్నపు మచ్చలు కనిపిస్తాయేమో చూస్తారు. దృక్ నాడి, పీనియల్ గ్రంథి ఎలా ఉన్నాయో ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. సి.టి. స్కాన్ ఇంతకంటే తొందరగా అయిపోతుంది, కాని అందులో ఎక్స్ కిరణాలు ఉంటాయి. ఆర్‌బి1 చెడిన పిల్లలకు కిరణాలు తగిలితే ముందు ముందు ఇంకో కాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి వీలైనంతవరకు దాన్ని తప్పిస్తారు. జబ్బు కన్ను దాటిందన్న అనుమానం ఉంటే నడుము దగ్గర సూదితో మస్తిష్కమేరు ద్రవాన్ని, ఎముక నుంచి మజ్జను తీసి కాన్సర్ కణాల కోసం వెతుకుతారు.

జబ్బును కంటిలోనే ఆపడం

జబ్బు కంటిలోనే ఉంటే దాన్ని ఎ నుంచి ఇ వరకు అయిదు వర్గాలుగా చూస్తారు. మొదటి వర్గాల్లో లేజరు, అతిశీతల చికిత్స, కీమోథెరపీలతో కన్నునూ చూపునూ కాపాడే అవకాశం బాగా ఉంటుంది. విన్‌క్రిస్టిన్, ఎటోపోసైడ్, కార్బోప్లాటిన్ అనే మూడు మందులను మూడు నాలుగు వారాలకోసారి, మామూలుగా ఆరు సార్లు ఎక్కిస్తారు. తొడ దగ్గరి ధమని నుంచి సన్నని గొట్టం పంపి, కంటికి రక్తం తెచ్చే ధమనిలోనే మెల్ఫలాన్ మందు వదిలే పద్ధతి కూడా వచ్చింది.

కన్ను నిండా కంతి ఉండి, చూపు తిరిగి వచ్చే ఆశ లేనప్పుడు కన్ను తీయమంటారు. ఇక్కడ సర్జను చేసేది కంటిగుడ్డు తీయడం మాత్రమే కాదు. దాంతో పాటు దృక్ నాడిని వీలైనంత పొడవుగా, 15 మిల్లీమీటర్ల దాకా, తీస్తారు. ఆ నాడి ముక్క కొసను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కొస శుభ్రంగా ఉంటే జబ్బు ఆ కోతకు ఇవతలే ఆగిందన్నమాట. కొసలో కణాలు కనిపిస్తే అవతలి ముక్కలోనూ ఉన్నాయన్నమాట. ఈ ఒక్క పరీక్ష మీద బిడ్డ తర్వాతి చికిత్స అంతా ఆధారపడుతుంది. కన్ను తీయడమంటే కన్నును పోగొట్టుకోవడమని అందరూ చూస్తారు. నేనైతే దాన్ని మెదడుకు చేసే ఆపరేషన్ అంటాను.

హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో కంటి కాన్సర్ విభాగాన్ని తీర్చిదిద్దిన డాక్టర్ సంతోష్ హోనావర్, ఫిలడెల్ఫియా వైద్యులతో కలిసి 2002లో ఒక పరిశీలన ప్రచురించారు. కన్ను తీశాక సూక్ష్మదర్శిని కింద ప్రమాద లక్షణాలు కనిపించిన 80 మంది పిల్లల్లో, తర్వాత అదనపు చికిత్స తీసుకోని 34 మందిలో 8 మందికి జబ్బు ఒంట్లో ఇతర చోట్లకు పాకింది. చికిత్స తీసుకున్న 46 మందిలో పాకింది ఇద్దరికే. శాతాల్లో 24, 4. కన్ను తీసి "అయిపోయింది" అని ఇంటికి వెళ్ళి మళ్ళీ రాని కుటుంబాలకు చెప్పవలసిన అంకెలు ఇవి.

కన్ను తీసిన చోట ఒక గోళాన్ని అమర్చి, గాయం మానాక, సుమారు ఆరు వారాలకు, రెండో కంటి రంగుకు సరిపోయే కృత్రిమ నేత్రం పెడతారు. ఎదురుగా కూర్చున్నవారికి తేడా చటుక్కున తెలియదు. ఆడపిల్ల అయితే "పెళ్ళెలా అవుతుంది" అనే ప్రశ్న ముందుకు వస్తుంది. ఆ ప్రశ్నను తీసిపారేయకండి. కృత్రిమ నేత్రం పెట్టుకున్న పిల్లల ఫోటోలు చూపించమని ఆసుపత్రిలో అడగమనండి.

కన్ను దాటి కంటిగూటిలోకి కంతి వచ్చి, కన్ను బయటకు పొడుచుకువచ్చిన పిల్లలకు ఒకప్పుడు ఏం చేయగలిగేవారు కాదు. ఇప్పుడు ముందు గట్టి మోతాదులో కీమోథెరపీ ఇచ్చి కంతిని కుదించి, తర్వాత కన్ను తీసి, ఆపైన కంటిగూటికి రేడియేషన్, మళ్ళీ కీమోథెరపీ, మొత్తం 12 విడతల దాకా ఇచ్చే పద్ధతి ఉంది. ఈ పద్ధతికి రూపం ఇచ్చినవారిలో హైదరాబాదు వైద్యులున్నారు. ఇలాంటి పిల్లలు ఇక్కడికి ఎక్కువగా వచ్చారు కాబట్టే ఆ అనుభవం ఇక్కడ పోగయింది. గర్వపడవలసినదీ, సిగ్గుపడవలసినదీ రెండూ అందులో ఉన్నాయి.

మెదడుకు చేరాక

ఇక్కడి నుంచి చికిత్స చాలా కష్టం. కారణాలు మూడు, ఒకదానితో ఒకటి పెనవేసుకున్నవి. మెదడు రక్తనాళాల గోడలు మామూలు మందులను లోపలికి సులభంగా రానివ్వవు. దీన్ని రక్త-మెదడు అవరోధం అంటారు. పోనీ రేడియేషన్ ఇద్దామంటే, ద్రవంలో తేలే కణాలు ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి మెదడంతటికీ, వెన్నుపాము అంతటికీ ఇవ్వాలి. మూడేళ్ళ లోపు బిడ్డ మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. తెలివితేటలు, ఎదుగుదల, హార్మోన్లు అన్నీ దెబ్బతింటాయి. పైగా ఆర్‌బి1 చెడిన పిల్లలకు రేడియేషన్ మరో కాన్సర్‌కు బీజం వేయవచ్చు.

అందుకని వైద్యులు వెతికిన దారి ఇది. మొదట కొన్ని విడతల గట్టి కీమోథెరపీతో జబ్బును వీలైనంత తగ్గిస్తారు. ఈలోగా బిడ్డ రక్తం నుంచే మూలకణాలను వడగట్టి, గడ్డకట్టించి దాచిపెడతారు. తర్వాత కార్బోప్లాటిన్, థయోటెపా వంటి మందులను అతి పెద్ద మోతాదులో ఇస్తారు. థయోటెపాకు రక్త-మెదడు అవరోధాన్ని దాటే గుణం ఉంది. ఆ మోతాదుకు ఎముక మజ్జ పూర్తిగా దెబ్బతింటుంది. అప్పుడు దాచిన మూలకణాలను తిరిగి ఎక్కిస్తే, కొన్ని వారాల్లో మజ్జ మళ్ళీ పనిచేస్తుంది. ఇత్తనాలు గాదెలో దాచిపెట్టి, పొలమంతా కాల్చి, మళ్ళీ విత్తినట్లు. అవసరాన్ని బట్టి మందును నేరుగా మస్తిష్కమేరు ద్రవంలోకే ఇవ్వడం, ఎదిగిన పిల్లలకు రేడియేషన్ కలపడం కూడా ఉంటాయి. పీనియల్ కంతి ద్రవం పోయే దారిని మూసేస్తే తలలో నీరు చేరి బిడ్డ మగతగా ఉంటుంది, వాంతులు చేసుకుంటుంది, కళ్ళు పైకెత్తి చూడలేదు. ముందు న్యూరోసర్జను ఆ నీటికి దారి చేస్తారు.

ఫలితాలు దాచకుండా చెప్పాలి. అమెరికాలో పిల్లల కాన్సర్ వైద్యుల బృందం చేసిన ఒక పరీక్షలో, 2022లో ప్రచురితమైంది, జబ్బు కన్ను దాటి పక్కనే ఉన్నవాళ్ళలో సుమారు 88 శాతం మంది, మెదడుకు కాక ఒంట్లో ఇతర చోట్లకు చేరినవాళ్ళలో సుమారు 83 శాతం మంది ఏడాది తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. మెదడుకు చేరినవాళ్ళు, త్రిపార్శ్వ రకం ఉన్నవాళ్ళు కలిపి చూస్తే సుమారు 28 శాతమే. ఒక్క మెట్టు తేడాకు ఇంత తేడా. అయితే ఆశ లేదనుకోవద్దు. పీనియల్‌లో మూడో కంతి వచ్చిన పిల్లల్లో అయిదేళ్ళు బతికినవారు 1995కు ముందు నూటికి ఆరుగురు ఉంటే, ఆ తర్వాత 44 మంది దాకా పెరిగారు. గట్టి కీమోథెరపీతో పాటు ముందుగా పట్టుకోవడం కూడా దీనికి కారణం. అందుకే చాలా కేంద్రాల్లో అనువంశిక రకం పిల్లలకు కళ్ళతో పాటు మెదడు ఎం.ఆర్.ఐ. కూడా మొదట్లోనే తీస్తారు. కొన్నిచోట్ల అయిదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకోసారి తీస్తారు.

పంజాగుట్ట చుట్టుపక్కల

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషను పంజాగుట్ట. అక్కడి నుంచి బంజారాహిల్స్ వైపు ఎక్కితే, 1987 నుంచి నడుస్తున్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ. డబ్బు కట్టలేనివారికి ఉచితంగా చూడటం అక్కడ మొదటి నుంచీ ఉన్న పద్ధతి. పంజాగుట్టలోనే నిమ్స్, అందులో న్యూరోసర్జరీ, మెడికల్ ఆంకాలజీ విభాగాలు. అదే మెట్రోలో ఎర్రమంజిల్, ఖైరతాబాద్ దాటి లక్డీకాపూల్‌లో దిగితే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి. కంటి డాక్టరు, మెదడు డాక్టరు, పిల్లల కాన్సర్ డాక్టరు ముగ్గురూ కావలసిన జబ్బు ఇది. ఆ ముగ్గురూ మన నగరంలో నాలుగైదు స్టేషన్ల మధ్యలో దొరుకుతారు.

దగ్గరగా లేనివాళ్ళు ఆ కుటుంబాలు. అమీర్‌పేట సందుల్లో కంప్యూటరు కోచింగు బోర్డుల కింద, గదులు అద్దెకిచ్చే ఇళ్ళలో, తల నున్నగా రాలిపోయిన పిల్లలను ఎత్తుకున్న తల్లులను నేను చాలాసార్లు చూశాను. మూడు వారాలకోసారి జిల్లా నుంచి రావాలి, కూలి పోతుంది, ఇంటి దగ్గర ఇంకో బిడ్డ ఉంటుంది. నాలుగో విడతకు బిడ్డ బాగానే ఆడుకుంటూ కనిపిస్తుంది. "ఇక చాలులే" అనిపించేది అప్పుడే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కాన్సర్ చికిత్సలు ఉన్నాయి, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిస్తే దారి చెబుతారు. ప్రయాణం, గది, పోయిన కూలి ఆ లెక్కలోకి రావు. చికిత్స మధ్యలో ఆగిపోయేది చాలావరకు ఇక్కడే.

2017లో 153 దేశాల్లో ఈ జబ్బు కొత్తగా బయటపడిన 4,351 మంది పిల్లల వివరాలు పోగుచేశారు. ధనిక దేశాల్లో జబ్బు కనిపెట్టేనాటికి మధ్యస్థ వయసు సుమారు 14 నెలలు, పేద దేశాల్లో 30 నెలలు దాటింది. ఆనాటికే జబ్బు ఒంట్లో ఇతర చోట్లకు పాకినవారు ధనిక దేశాల్లో వెయ్యికి ముగ్గురు, పేద దేశాల్లో నూటికి దాదాపు 19 మంది. జబ్బు అదే, జన్యువు అదే. తేడా ఆ పదహారు నెలలది.

ఇంట్లో మిగతా పిల్లలు

చివరగా, పరీక్షలో అడగరు కాని పనిలో తప్పక ఎదురయ్యే సంగతి. ఒక బిడ్డకు ఈ జబ్బు వచ్చిందంటే ఆ ఇంట్లో అయిదేళ్ళ లోపు పిల్లలందరి కళ్ళనూ, మందు చుక్కలు వేసి, డాక్టరు చూడాలి. తల్లిదండ్రుల కళ్ళు కూడా. కొన్నిసార్లు పెద్దల కంటిలో తనంతట తాను ఆగిపోయిన పాత మచ్చ కనిపిస్తుంది. దాన్ని బట్టి జబ్బు వంశంలో ఉందని తెలుస్తుంది. రెండు కళ్ళలో వచ్చిన బిడ్డ పెరిగి పెద్దయి పెళ్ళి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఆ చెడిన జన్యువు సంక్రమించే అవకాశం సగానికి సగం. వాళ్ళ పిల్లలను పుట్టిన కొద్ది రోజుల్లోనే చూపించాలి, తర్వాత కొన్ని వారాలకోసారి. కంతి గసగసాల గింజంత ఉన్నప్పుడు లేజరు చాలు.

ఆ అంగన్‌వాడీ టీచరు తర్వాతి తరగతికి వచ్చినప్పుడు, పాపకు తమ్ముడున్నాడని, ఎనిమిది నెలలవాడని చెప్పారు. "వాణ్ణి కూడా చూపించారా?" అన్నాను. "నేనే తీసుకెళ్తాను సార్, నాయనమ్మను కూడా వెంటబెట్టుకొని" అన్నారు.